హాఫ్నియాకు వచ్చిన నీలాపనింద

వినాయక చవితి కథలో శమంతకమణి పోతే నింద కృష్ణుడి మీద పడింది. ఆయన జాంబవంతుడి గుహ దాకా వెళ్లి మణి తెచ్చాకే అది పోయింది. నేను మైక్రోబయాలజీ చదువుతూ, రెండో భాషగా తెలుగు తీసుకున్నాను. అలాంటి నిందే మోసిన ఒక బాక్టీరియా గురించి మన గోడ పత్రికలో చెప్పాలనిపించింది. దాని పేరు హాఫ్నియా.

హాఫ్నియా అంటే కోపెన్‌హాగెన్ నగరానికి పాత లాటిన్ పేరు. 1954లో మోలర్ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టారు. ఇందులో బాగా తెలిసిన జాతి హాఫ్నియా ఆల్వీ. 'ఆల్వీ' అంటే తేనెటీగల గూటికి చెందినది అని అర్థం. కడ్డీ ఆకారంలో ఉండే గ్రామ్ నెగటివ్ జీవి ఇది. ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా బతుకుతుంది. మనుషుల పేగుల్లో, జంతువుల పేగుల్లో, మట్టిలో, నీళ్లలో కనిపిస్తుంది. కొన్ని రకాల చీజ్ మాగడానికి దీన్ని వాడతారు కూడా! మనిషికి జబ్బు చేయడం అరుదు. చేసినా ఎక్కువగా రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలోనే.

మరి నింద ఎక్కడిది? బంగ్లాదేశ్‌లో విరేచనాలతో బాధపడిన పిల్లల నుంచి కొన్ని బాక్టీరియాలను వేరుచేశారు. అవి పేగు కణాలకు గట్టిగా అతుక్కుని, వాటి పైనుండే సన్నని నూగును చెరిపేస్తున్నాయి. జీవరసాయన పరీక్షలు వాటిని హాఫ్నియా ఆల్వీ అన్నాయి. 1991లో ఆల్బర్ట్, ఆయన సహశోధకులు ఆ పేరుతోనే ప్రచురించారు.

ఆ పరీక్షల పద్ధతి ఇదీ: జీవి ఏ చక్కెరను పులియబెడుతుంది, ఏ అమైనో ఆమ్లాన్ని మారుస్తుంది అని చూస్తారు. వచ్చిన జవాబులను తెలిసిన జాతుల పట్టికతో పోల్చి, దగ్గరగా ఉన్న పేరు ఇస్తారు. పట్టికలోనే లేని జీవి వస్తే? దానికీ దగ్గరి పేరే దొరుకుతుంది. ఇక్కడ జరిగిందదే.

తర్వాత డీఎన్ఏను పోల్చి చూస్తే, అవి హాఫ్నియాలు కావనీ, ఈ.కోలై ఉన్న ఎషెరిషియా ప్రజాతికి చెందినవనీ తేలింది. 2003లో వాటిని కొత్త జాతిగా గుర్తించి, ఆల్బర్ట్ గౌరవార్థం ఎషెరిషియా ఆల్బర్టీ అని పేరు పెట్టారు.

పేరు తప్పితే ఏం పోయిందిలే అనుకోకండి. మలంలో హాఫ్నియా కనిపించగానే జబ్బుకు అదే కారణమని తేల్చేస్తే, అసలు కారణాన్ని వెతకడం అక్కడితో ఆగిపోతుంది. నష్టపోయేది విరేచనాలతో నీరసించిన పసిపిల్ల. అందుకే రిపోర్టులో ఒక పేరు చూసినప్పుడు, ఆ పేరు ఏ పరీక్ష చెప్పిందో కూడా అడుగుదాం.