తలంపు వచ్చుట వేరు, సమ్మతించుట వేరు

చదువవలసిన భాగము: 1 యోహాను 3:18–24

ఈ నెల పాఠమునకు తీసికొనిన విషయము మన సంఘములలో బహిరంగముగా మాటలాడుకొనునది కాదు. ప్రార్థనకు మోకాళ్లూనిన వెంటనే దేవునిగూర్చి చెప్పరాని దూషణ ఒకటి మనస్సులో మెరయును. ప్రభువు బల్ల యొద్దకు వచ్చునప్పటికి అసహ్యమైన దృశ్యమొకటి కన్నులకు కట్టును. కన్నతల్లికి, తన పసిబిడ్డను తానే గాయపరచుదునేమో అను భయము పుట్టును. ఇట్టి తలంపులు గలవారు తాము క్షమింపరాని పాపము చేసితిమని నిశ్చయించుకొని, ఒకే సంగతిని పదిసార్లు ఒప్పుకొని, పదకొండవసారి కాపరి యింటి తలుపు తట్టుదురు. “ఇంకను ఎక్కువగా ప్రార్థించుడి” అని మనము జవాబిచ్చుచుందుము. మేమును అట్లే చెప్పితిమి. ఆ జవాబు కొందరికి మేలుకంటె కీడే చేయునని ఆలస్యముగా తెలిసికొంటిమి.

“యాత్రికుని ప్రయాణము” మన ఇండ్లలో ఎరుగనివారు తక్కువ. దాని గ్రంథకర్త జాన్ బన్యన్ ఇంగ్లండులో బెడ్‌ఫర్డు పట్టణమునకు సమీపమైన ఎల్‌స్టో గ్రామమున 1628లో పుట్టెను. తండ్రివలె తానును గిన్నెలకు మాట్లు వేసి బ్రదికెను. రాజ్యపు సంఘమునకు వెలుపల కూటములలో బోధించినందుకు 1660లో చెరలో వేయబడి, సుమారు 12 సంవత్సరములు అక్కడ నుండెను. ఆ కాలములోనే, 1666లో, తన ఆత్మచరిత్రను అచ్చువేయించెను. అందులోని సంగతులు కొన్ని మన పాఠమునకు మిక్కిలి అవసరమైనవి.

యౌవనమున అతనికి గుడి గంటలు మ్రోగించుట ఎంతో ఇష్టము. అది వ్యర్థమైన వేడుకయని మనస్సాక్షి గద్దింపగా మానివేసెను గాని, ఇతరులు మ్రోగించుచుండగా చూడబోవుచుండెను. అంతట ఒక తలంపు వచ్చెను: గంట ఊడి నెత్తిమీద పడినయెడల? అతడు పెద్ద దూలము క్రిందికి జరిగి నిలిచెను. గంట గోడకు తగిలి, ఎగిరి తనమీదికి వచ్చినయెడల? వాకిటికి జరిగెను. గోపురమే కూలినయెడల? ఇక అక్కడ నిలువలేక పారిపోయెను. ఒక్కొక్క జాగ్రత్త తీసికొనిన కొలది భయము మరియొక మెట్టు ఎక్కినదే గాని దిగలేదు.

తరువాత వచ్చినది దీనికంటె ఘోరమైనది. క్రీస్తును అమ్మివేయుమను మాట ఒక సంవత్సరకాలము అతని మనస్సును విడువలేదు. అన్నము తినుచున్నను, గుండుసూది తీయుటకు వంగినను, కట్టె కొట్టుచున్నను అదే మాట. లోకములెన్ని యిచ్చినను అమ్మనని అతడు మరల మరల బదులు చెప్పుచు, ఎవనినో త్రోయుచున్నట్లు చేతులును మోచేతులును కదల్చుచుండెను. భోజనము నడుమ లేచిపోయి ప్రార్థింపవలెనని మనస్సు తొందరపెట్టెడిది. తుదకు ఒక ఉదయమున, పోరాడి పోరాడి అలసియుండగా, ఆయనకు ఇష్టమైతే పోనిమ్మను తలంపు మనస్సులో దాటిపోయెను. అంతే! ఏశావువలె జ్యేష్ఠత్వము అమ్ముకొంటినని (హెబ్రీ 12:16, 17) అతడు రెండు సంవత్సరములకు పైగా నిరాశలో మునిగెను. ఒక వృద్ధ విశ్వాసి యొద్దకు పోయి, నేను పరిశుద్ధాత్మకు విరోధమైన పాపము చేసితినని భయపడుచున్నాననెను. నాకును అట్లే తోచుచున్నదని ఆ వృద్ధుడు చెప్పెను! అతడు మంచివాడే గాని ఇట్టి పోరాటము ఎరుగనివాడని బన్యన్ వ్రాసియున్నాడు. సంఘ పెద్దలారా, ఆ వృద్ధుని స్థానములో మనమెన్నిసార్లు కూర్చుంటిమి?

మూడున్నర శతాబ్దముల క్రిందటి మనుష్యునికి ఇప్పుడు వ్యాధిపేరు వ్రాసియిచ్చుట మాకిష్టము లేదు. ఏ వైద్యుడును అతని పరీక్షింపలేదు. అయినను ఇట్టి బాధను నేటి వైద్యులు బాగుగా ఎరుగుదురు. దానికి అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, క్లుప్తముగా ఓ.సి.డి., అని పేరు. మన ఇండ్లలో దీనిని చాదస్తమని నవ్వి విడిచిపెట్టుదుము. చేతులు చర్మము ఊడునట్లు కడుగుకొనువారు, గొళ్లెము ఇరువదిసార్లు చూచువారు, వాక్యము సరిగా పలుకలేదని ప్రార్థనను మొదటినుండి మరల ప్రారంభించువారు, అందరును ఈ కోవవారే. ఇది అలవాటు కాదు. అలవాటు తలంపు లేకయే జరిగిపోవును; ఇది తెలిసి తెలిసి, ఏడ్చుచు చేయునది.

తలంపును బలవంతముగా త్రోసివేయుట ఎంతవరకు సాధ్యము? 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ప్రకటించిన పరీక్ష చిన్నదే. విద్యార్థులను ఒంటరిగా కూర్చుండబెట్టి, అయిదు నిమిషములు తెల్ల ఎలుగుబంటిని తలంపవద్దనియు, తలంపు వచ్చినప్పుడెల్ల గంట కొట్టుడనియు చెప్పిరి. గంట మ్రోగుచునే యుండెను. తరువాత తలంపవచ్చునని సెలవిచ్చినప్పుడు, ముందు అణచుకొనినవారికి ఆ ఎలుగుబంటి మొదటినుండి సెలవు పొందినవారికంటె ఎక్కువసార్లు తలంపునకు వచ్చెను. ఎలుగుబంటికే ఇట్లయిన, క్రీస్తును ప్రేమించువానికి క్రీస్తును అమ్ముమను మాట ఎంతగా అంటుకొనునో ఆలోచించుడి.

ఇక రెండవది, మాకు మిక్కిలి ఆదరణ కలిగించినది. 1978లో లండనులో స్టాన్లీ రాక్‌మన్ అను ఆచార్యుడును, శ్రీలంక నుండి వచ్చిన పద్మల్ డిసిల్వాయును, ఏ మానసిక వ్యాధియు లేని సాధారణ జనులను ప్రశ్నించిరి. నూటికి సుమారు 80 మంది, తమకును హింసను గూర్చియు అసభ్యమును గూర్చియు కోరని తలంపులు వచ్చునని ఒప్పుకొనిరి. తలంపుల జాబితాలను చూచిన వైద్యులు సహితము, ఏది రోగిది ఏది ఆరోగ్యవంతునిది అని అన్నివేళల చెప్పలేకపోయిరి. భేదము తలంపులో లేదు. ఒకడు, ఏమి పిచ్చి తలంపు, అని దాటిపోవును. మరియొకడు, ఇది నా హృదయపు నిజస్వరూపము, అని నిలిచిపోవును. మెత్తని మనస్సాక్షి గలవాడే ఎక్కువగా చిక్కుకొనును.

చిక్కు ఎట్లు బిగియునో చూడుడి. భయము పుట్టగా చేతులు కడుగుకొనును, లేక పాపము ఒప్పుకొనును. క్షణకాలము హాయి కలుగును. ఆ హాయియే ఉచ్చు. కడుగుకొనుటవలననే తప్పించుకొంటినని మనస్సు నేర్చుకొనును గనుక రేపు మరల కడుగుకొనవలసినదే. 1966లో లండను మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో విక్టర్ మేయర్ అను వైద్య మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇద్దరు స్త్రీలకు ఈ ఉచ్చును విప్పుటకు ప్రయత్నించెను. ఒకామె కడుగుడు మానలేనిది. రెండవ ఆమె దైవదూషణ తలంపులచేత పీడింపబడినది. వారిని భయము కలుగు సందర్భములలోనికే నెమ్మదిగా నడిపించి, కడుగుటకును, చేసిన పనినే మరల మరల చేయుటకును అవకాశము లేకుండ చేసిరి. భయము మొదట పెరిగి, ఏ ఉపాయమును చేయకయే తగ్గిపోవుట వారు స్వయముగా చూచిరి. ఇద్దరును బాగుపడిరి. ఆ పద్ధతియే నేడు ప్రధానమైన చికిత్స. సెరొటోనిన్ అను పదార్థముపై పనిచేయు మందులును ఉన్నవి, అవి గుణము చూపుటకు కొన్ని వారములు పట్టును.

ఇది సంఘమునకు క్రొత్త మాట అనుకొనవద్దు. 1692లో నార్విచ్ బిషప్పు జాన్ మూర్, మేరీ రాణి యెదుట చేసిన ప్రసంగములో, ఆరాధన వేళ దుష్ట తలంపులు వచ్చి క్రుంగిపోవు భక్తులను గూర్చి మాటలాడెను. వారు చెడ్డవారు కారనియు, ఆ తలంపులతో ఉగ్రముగా పోరాడుట వాటిని హెచ్చించుననియు ఆయన ఎరిగియుండెను.

అయితే నిజమైన పాపమునకు పశ్చాత్తాపము అక్కరలేదా? అక్కరయే. ఒకని సొమ్ము అపహరించినవాడు తిరిగి యిచ్చివేయవలెను. దానిని వ్యాధియని తప్పించుకొనరాదు. కాని పశ్చాత్తాపమునకు ఒక తుది ఉన్నది: ఒప్పుకొని, సరిచేసి, లేచి నడచుట. ఈ బాధకు తుది లేదు. క్షమాపణ వాక్యము వినిన గంటకే, సరిగా వింటినా అను సందేహము వచ్చును. అట్టివానికి మొదటిసారి వాక్యమునుండి సంపూర్ణముగా జవాబు చెప్పుడి. మన హృదయముకంటె దేవుడు గొప్పవాడను నేటి పాఠభాగము ఇందుకు చాలును. అదే ప్రశ్న మరల మరల వచ్చునప్పుడు, ఆ ధైర్యవచనమే అతని కడుగుడు నీరగును. అప్పుడు ప్రేమతో, “దీనికి జవాబు మీరెరుగుదురు, నేడు మరల చెప్పను, రండి, వైద్యుని యొద్దకు మీతో కూడ వత్తును” అనుట మేలు. దయ్యము పట్టినదని అట్టివారిని భయపెట్టకుడి.

బిడ్డను గూర్చి భయపడు తల్లిని మాత్రము శ్రద్ధగా వినుడి. ఆ తలంపునకు ఆమె వణకిపోవుట ఆమె ప్రేమకు గుర్తు. కాని వినబడని స్వరములు తనకు వినబడుచున్నవని ఆమె చెప్పినను, చావు కోరుచున్నను, ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఎర్రగడ్డ అనగానే, విశాఖపట్నము మానసిక వైద్యశాల అనగానే సిగ్గుపడు రోజులు పోవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ ఫోను నంబరు 14416. అక్కడ తెలుగులోను మాటలాడవచ్చును.

బన్యన్ 1678లో “యాత్రికుని ప్రయాణము” ప్రకటించునప్పుడు తన గాయమును మరచిపోలేదు. మరణచ్ఛాయ లోయలో క్రైస్తవుడు నడచుచుండగా, దుష్టుడొకడు వెనుకనుండి మెల్లగా వచ్చి చెవిలో దూషణలు గుసగుసలాడును. అవి తన మనస్సునుండియే వచ్చినవని క్రైస్తవుడు అనుకొనును. ఆ ప్రయాణములో అతనికి అంతవరకు కలిగిన శ్రమలన్నిటికంటె అది ఎక్కువగా బాధించెను. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆ భాగమును బిగ్గరగా చదువుడి. వినువారిలో ఎవరైన తల వంచుకొనినయెడల, కూటము ముగిసిన తరువాత వారి ప్రక్కన కొంచెముసేపు కూర్చుండుడి.