నెల్లూరు తీరంలో సైకిల్ యాత్ర: సంచిలో ఏం సర్దుకోవాలి?

విదేశంలో సైకిల్ మీద తిరిగి రావాలని ఉంది, ఏమేం సర్దుకోవాలి అని అడిగేవాళ్లను ముందు కావలికి రైలెక్కమంటాను. కావలి నుంచి సూళ్లూరుపేట దాకా హైవే మీదైతే సుమారు 150 కిలోమీటర్లు. తుమ్మలపెంట, ఇసకపల్లి, ఊటుకూరు, మైపాడు, కోడూరు, తూపిలిపాళెం అంటూ సముద్రం వైపు దిగుతూ ఎక్కుతూ పోతే 200 పైమాటే. తీరిగ్గా తొక్కితే నాలుగైదు రోజుల పని. కావలి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట అన్నీ చెన్నై–విజయవాడ రైలు మార్గం మీదే ఉన్నాయి కాబట్టి, ఎక్కడ ఓపిక అయిపోయినా ఇంటికి రైలుంది. కొలంబోలో బయటపడాల్సిన లోపం దారిలోని అల్లూరులో బయటపడితే ఆటో ఖర్చుతో పోతుంది.

ఈ తీరంలో మనల్ని ఇబ్బంది పెట్టేవి మూడు: ముల్లు, ఉప్పు, ఎండ. సంచిలో పెట్టే ప్రతి వస్తువునూ ఈ మూడింటిలో దేనికి పనికొస్తుందని అడుగుదాం. జవాబు లేని వస్తువుల్లో చాలావాటిని ఇంట్లోనే వదిలేయొచ్చు.

ఎప్పుడు, ఎటు నుంచి ఎటు

సర్దడానికి ముందే ఇది తేలాలి. నెల్లూరుకు వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాన్ల కాలం కూడా అదే. మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని జనవరి, ఫిబ్రవరి నెలలు పెట్టుకుందాం. అప్పటికి వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు కూడా ఉంటాయి. ఆ రోజుల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి కావలి నుంచి దక్షిణంగా తొక్కుదాం. సూళ్లూరుపేటలో మొదలుపెట్టి పైకి వచ్చేవాళ్లు అదే గాలికి ఎదురు తొక్కాలి.

మ్యాపు చూసి తీరం వెంబడే సాఫీగా పోవచ్చనుకోవద్దు. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలుస్తుంది. అవతల ఒడ్డుకు పోవాలంటే వెనక్కి తిరిగి నెల్లూరు వంతెన దాకా రావలసిందే. కృష్ణపట్నం దగ్గర కండలేరు వాగు అడ్డం వస్తుంది. మధ్యలో బకింగ్‌హామ్ కాలువ ఉండనే ఉంది. రోజుకు 60 కిలోమీటర్లు అనుకున్నది 75 కావచ్చు. నీళ్లూ తిండీ ఆ లెక్కన పెట్టుకోవాలి.

కావలసినవి

సైకిల్: కొత్తది కొనక్కర్లేదు. గేర్లున్నదైతే మేలు, కానీ బ్రేకులు పట్టే, చక్రాలు వంకర లేని సైకిల్ ఏదైనా చాలు. వెనక గట్టి క్యారియర్ మాత్రం ఉండాలి. వీపుకు సంచి తగిలించుకుని తొక్కుదామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేద్దాం. మధ్యాహ్నానికి వీపంతా చెమటతో తడిసి, భుజాలు లాగేస్తాయి.

సంచులు: క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడే ప్యానియర్లు ఒక జత. అవి ఖరీదనిపిస్తే కడిగి ఆరబెట్టిన రెండు యూరియా సంచులు, కట్టడానికి పాత ట్యూబు ముక్కలు. సైకిల్ షాపులో అడిగితే ట్యూబు ముక్కలు ఊరికే ఇస్తారు. అవి సాగి పట్టుకుంటాయి, నైలాన్ తాడులా జారవు. రబ్బరు తాళ్లు వాడితే వాటి కొక్కేలు చక్రం పుల్లల్లో పడకుండా చూసుకోవాలి.

రిపేరు సామాను: మన సైకిల్ టైరు సైజుకు సరిపోయే కొత్త ట్యూబులు రెండు, ప్యాచ్‌లు, సొల్యూషన్ ట్యూబు, గరుకు కాగితం, టైరు ఊడదీసే లివర్లు, చేతి పంపు, అలెన్ కీల సెట్టు, చక్రం నట్లకు పానా, చైను నూనె చిన్న సీసా, పాత బనియన్ గుడ్డ, కొద్దిగా దూది. దూది ఎందుకో తర్వాత చెప్తాను. పంపు మూతి మన ట్యూబు వాల్వుకు సరిపోతుందో లేదో ఇంట్లోనే గాలి కొట్టి చూడాలి. సరిపోని పంపును మోసుకుపోయేవాళ్లు చాలామంది.

బట్టలు: తొక్కడానికి మెత్త వేసిన నిక్కర్లు రెండు (ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరుతూ), పొడుగు చేతుల పల్చటి చొక్కాలు రెండు, సాయంత్రానికి ఒక జత, లోదుస్తులు, తువ్వాలు, ఒక లుంగీ. లుంగీని తక్కువ అంచనా వేయొద్దు. బట్టలు మార్చుకోవడానికి తెర, దుప్పటి, ఎండకు మెడ మీద కప్పు, అవసరమైతే గాయానికి కట్టు కూడా అదే. జనవరి తెల్లవారుజామున చలికి పల్చటి జాకెట్టు ఒకటి. జీన్స్ వద్దు.

ఎండకు, ఒంటికి: హెల్మెట్, నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రోజూ వేసుకునే మందులు, బ్యాండేజీ, యాంటిసెప్టిక్, రాపిడికి పూసుకోవడానికి కొబ్బరి నూనె లేదా వాజలిన్.

నీళ్లు, తిండి: కనీసం మూడు లీటర్లు పట్టేలా సీసాలు. తీరానికి దగ్గరైన కొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఎక్కడో ఒక చోట బోరింగు కొట్టుకుందాంలే అనుకుంటే కుదరదు. వాటర్ ప్లాంట్ ఉన్న ఊరు కనిపించిన ప్రతిసారీ నింపుకోవాలి. తినడానికి చెనక్కాయ ఉండలు, అటుకులు, అరటిపళ్లు చాలు. మలై కాజా నెల్లూరులో తినండి, సంచిలో పెట్టుకోవద్దు. ఎండకు కారి మిగతా సామానుకంతా అంటుతుంది.

కాగితాలు, కరెంటు: ఆధార్ కార్డు, దాని జిరాక్సు రెండు, చిన్న నోట్లు, ఫోను, పవర్ బ్యాంకు, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. ఫోన్‌తో డబ్బు కట్టడం అలవాటైపోయింది కానీ, సిగ్నల్ లేని చోట టీ కొట్టుకు నోటే ఇవ్వాలి. డ్రోన్ ఉంటే ఇంట్లో వదలండి. దారి చివర శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉంది. బైనాక్యులర్ బరువే అయినా నేను మాత్రం వదలను. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని ఫోన్ కెమెరాలో చూసి తృప్తి పడటం కష్టం.

సర్దే పద్ధతి

1. అన్నీ మంచం మీద పరుద్దాం. ఒక్కటీ సంచిలో వేయకముందే మొత్తం కంటికి కనబడాలి.

2. "ఒకవేళ అవసరం పడితే" అని పెట్టినవాటిని వేరే కుప్ప చేద్దాం. కావలి, నెల్లూరు, గూడూరుల్లో దొరికే వస్తువు ఆ కుప్పలో ఏదుంటే అది బీరువాలోకి పోవాలి. మూడో జత బట్టలు, పెద్ద షాంపూ సీసా, లావు పుస్తకం ముందు పోయేవి.

3. మిగిలింది తూచుదాం. రాత్రి లాడ్జీలో పడుకునే యాత్రకు నీళ్లు కాకుండా ఎనిమిది కిలోలు దాటకూడదు. దాటితే రెండో మెట్టుకు వెనక్కి.

4. ప్లాస్టిక్ సంచుల్లో విడివిడిగా కడదాం: బట్టలు ఒకటి, మందులు ఒకటి, కాగితాలు ఒకటి. జనవరిలో వాన రాదని ఎవరూ రాసివ్వలేదు. పైగా ఉప్పు గాలికి ఫోను ఛార్జరు పిన్నులు కూడా చిలుముపడతాయి.

5. బరువైనవి అడుగున, చక్రం ఇరుసుకు దగ్గరగా. రెండు పక్కలా సమంగా ఉన్నాయో లేదో రెండు సంచులూ చెరో చేత్తో ఎత్తి చూద్దాం. కావడి మోసేవాడికి తెలిసిన లెక్కే ఇది. ఒక పక్క బరువైతే ఇసుక మేట వేసిన మలుపులో హ్యాండిల్ అటే లాగుతుంది.

6. ఏది ఎప్పుడు కావాలో ఆ వరుసలో పైకి రావాలి. రాత్రి బట్టలు అడుగున. రిపేరు సామాను అన్నిటికంటే పైన, లేదా సీటు కింద వేరే చిన్న సంచిలో. పంచరైన చోట లోదుస్తులన్నీ రోడ్డు మీద పరిచి లివర్ల కోసం వెతుక్కునే అవసరం ఉండకూడదు.

7. సంచుల పట్టీల చివర్లు వదులుగా వేలాడకుండా కట్టేద్దాం. చైనులోనో పుల్లల్లోనో చిక్కుకుంటే చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది.

8. బయలుదేరే వారం ముందు, సర్దిన బరువుతోనే 20 కిలోమీటర్లు తొక్కి రావాలి. ఈ మెట్టును దాటేయాలని అందరికీ అనిపిస్తుంది. దాటొద్దు. బరువు ఎక్కాక బ్రేకు ఆలస్యంగా పడుతుంది, మడమ సంచికి తగులుతుందేమో తెలుస్తుంది, క్యారియర్ నట్లు వదులవుతాయి. వచ్చాక నట్లన్నీ ఇంకోసారి బిగించాలి.

రైల్లో సైకిల్ వేసేవాళ్లు సంచులు విప్పి తమతో ఉంచుకుని, సైకిల్‌ను మాత్రం పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. మనం దిగే స్టేషన్లో ఆ రైలు ఆగినంతసేపట్లో సైకిల్ దింపుతారా అని ముందే అడగడం మంచిది.

ముల్లు గుచ్చుకున్నప్పుడు

రొయ్యల గుంటల గట్ల మీద, కాలువ పక్కన, ఉప్పు మడుల దారుల్లో ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే. కంప కొట్టి దారి పక్కన వేస్తారు, ఎండిన ముల్లు టైరులో సూదిలా దిగుతుంది. కాబట్టి పంచరు వేయడం రానివాళ్లు దాన్ని ఇంట్లో నేర్చుకునే బయలుదేరాలి.

1. సైకిల్‌ను నీడకు, గట్టి నేల మీదకు తీసుకెళ్దాం. ఇసుకలో విప్పితే రేణువులు ట్యూబు కింద చేరి మళ్లీ పంచరు.

2. చక్రం ఊడదీసి, లివర్లతో టైరు ఒక వైపు మాత్రమే ఎత్తి ట్యూబు లాగుదాం. ట్యూబు ఏ వైపు ఎలా ఉందో గుర్తు పెట్టుకోవాలి.

3. ట్యూబులో గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుంటే కన్నం ఎక్కడో తెలుస్తుంది. ఆ చోటికి ఎదురుగా టైరు మీద చూస్తే ముల్లు దొరుకుతుంది.

4. ఇప్పుడు దూది. తుమ్మ ముల్లు టైరు లోపలే విరిగిపోతుంది, బయటికి కనబడదు. టైరు లోపలి వైపు దూదిని చుట్టూ మెల్లగా తిప్పితే విరిగిన మొన దగ్గర పోగు తగులుకుంటుంది. వేలితో వెతికితే వేలు తెగుతుంది. ఒక ముల్లు దొరికిందని ఆపొద్దు, మొత్తం తిప్పాలి. కొత్త ట్యూబు వేసిన పది నిమిషాలకే మళ్లీ గాలి పోయిందంటే చాలాసార్లు కారణం ఈ మిగిలిపోయిన మొనే.

5. దారిలో ప్యాచ్ వేయకుండా కొత్త ట్యూబు వేద్దాం. పాత దానికి సాయంత్రం గదిలో తీరిగ్గా ప్యాచ్ వేయొచ్చు. సొల్యూషన్ పూశాక తడి ఆరేదాకా ఆగి అప్పుడే ప్యాచ్ అంటించాలి. తొందరపడితే తెల్లారేసరికి ఊడుతుంది.

మామూలుగా జరిగే పొరపాట్లు

బీచ్‌లో తడి ఇసుక మీద ఫొటో కోసం తొక్కడం మొదటిది. ఉప్పునీళ్లు, ఇసుక కలిసి చైనును రెండు రోజుల్లో తుప్పు పట్టిస్తాయి. సైకిల్‌ను రోడ్డు మీదే నిలబెట్టి నడిచి వెళ్దాం. ఎలాగూ రోజూ సాయంత్రం చైనును పొడి గుడ్డతో తుడిచి, నాలుగు చుక్కల నూనె వేసి, మిగిలింది మళ్లీ తుడవాలి. కొబ్బరి నూనె చైనుకు వద్దు, అది ఒంటికే.

మెత్త నిక్కరు లోపల లోదుస్తులు వేసుకోవడం రెండోది. కుట్ల దగ్గర ఒరుసుకుపోయి మర్నాడు సీటు మీద కూర్చోలేం.

దాహం వేశాక తాగుదామనుకోవడం, పొద్దున ఎనిమిదింటికి టిఫిను చేసి బయలుదేరడం ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. తెల్లవారుతూనే ఎక్కి పదకొండుకల్లా రోజు దూరంలో ఎక్కువ భాగం పూర్తి చేద్దాం. మంచు పట్టిన పొద్దుల్లో రెండు లైట్లూ వెలగాలి, ముఖ్యంగా కృష్ణపట్నం పోర్టు లారీలు తిరిగే దారుల్లో.

విమానం ఎక్కేటప్పుడు మారేవి

ఇంతవరకూ వచ్చినవాళ్లకు విదేశీ యాత్ర సంచి దాదాపు సిద్ధమైనట్టే. చెన్నై నుంచి దగ్గర దేశం శ్రీలంక. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి. దాని నైరుతి తీరానికి డిసెంబరు–మార్చి, తూర్పు తీరానికి మే–సెప్టెంబరు పొడి కాలం. వియత్నాం, ఐరోపా ప్రధాన భూభాగం అయితే కుడి పక్క. ఆ అలవాటుకు మొదటి రోజు తక్కువ దూరం పెట్టుకోవాలి.

1. సైకిల్ షాపులో కొత్త సైకిల్ వచ్చిన అట్టపెట్టె అడిగి తెచ్చుకుందాం. విమాన సంస్థ ఒప్పుకునే కొలతలు, బరువు టికెట్ కొనకముందే చూడాలి.

2. సీటు ఎత్తు దగ్గర టేపు చుట్టి గుర్తు పెట్టి, అప్పుడు దించాలి. పెడల్స్ ఊడదీయాలి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. రెండు పెడల్స్‌కూ పానాను పైవైపు ఉంచి సైకిల్ వెనక వైపుకు తిప్పితే వదులవుతాయని గుర్తు పెట్టుకుంటే చాలు.

3. వెనక గేరు యంత్రాన్ని విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేముకు లోపలి వైపు కట్టాలి. పెట్టెలో ముందు వంగేది అదే.

4. పానాలు, అలెన్ కీలు చెక్-ఇన్ సామానులో. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో పెట్టకూడదు.

5. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు పైగా ఉండాలి. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. బీమా పత్రంలో సైకిల్ యాత్ర కూడా కవర్ అవుతుందో లేదో చదవండి. మందులతో పాటు డాక్టరు చీటీ, ఆ దేశపు ప్లగ్గుకు సరిపోయే అడాప్టర్ పెట్టుకోవాలి.

6. పెట్టెకు టేపు వేసేముందు విప్పిన నట్లు, బోల్టులన్నీ ఒక కవరులో వేసి, ఆ కవరును ఫ్రేముకే కట్టాలి. పెట్టె అడుగున వదిలేస్తే అట్ట చిరిగిన చోటు నుంచి జారిపోతాయి.