హాలాంగ్ అఖాతంలో ఒక రాత్రి

వియత్నాం దేశపు ఈశాన్య తీరంలో హాలాంగ్ అఖాతం ఉంది. ‘హాలాంగ్’ అనగా ‘దిగివచ్చిన డ్రాగన్’ అని అర్థం. శత్రువులు సముద్రమార్గాన దండెత్తి రాగా, దివి నుండి దిగిన డ్రాగన్ నోటి నుండి రత్నాలను వెదజల్లిందనీ, అవే దీవులై శత్రునౌకలను అడ్డగించాయనీ అక్కడి ప్రజల ఐతిహ్యం. శాస్త్రజ్ఞుల వివరణ వేరు. వర్షజలం లక్షల సంవత్సరాలుగా సున్నపురాతిని కరిగించింది. పిదప సముద్రం లోయలను ముంచివేయగా శిఖరాలు దీవులుగా మిగిలాయి. మన బొర్రా గుహలు ఏర్పడినదీ సున్నపురాయి కరగడం వల్లనే. సుమారు 1600 దీవులు గల ఈ అఖాతాన్ని యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఇక్కడ చలికాలం. మధ్యాహ్నం రేవు విడిచిన ఓడ దీవుల నడుమ మెల్లగా సాగుతుంది. యాత్రికులు సుంగ్‌సోత్ గుహను చూచి, సంధ్యవేళకు ఓడను చేరుకుంటారు. లంగరు వేసిన పిమ్మట పొగమంచులో కొండలు ఒక్కొక్కటిగా కనుమరుగవుతాయి. మరునాటి ఉదయం కొందరు చిన్న పడవలలో కువావాన్‌కు వెళ్తారు.

కువావాన్ నీటిపై తేలే జాలరిపల్లె. తరతరాలుగా అక్కడ నివసించిన కుటుంబాలను 2014లో ప్రభుత్వం ఒడ్డుకు తరలించింది. పిల్లలకు బడి, పెద్దలకు తుపానుల నుండి రక్షణ లభించాయి. కాని వలయే జీవనాధారమైన వారికి నేలపై బ్రతుకుతెరువు సులభం కాలేదు. కొందరు మరల నీటిపైకి వచ్చి, యాత్రికుల పడవలకు తెడ్డు వేస్తున్నారు. ఒక్క రాత్రి గడిపే అతిథికి ఆ అఖాతం సుందర దృశ్యం. తెడ్డు వేసేవారికి అది పుట్టిన ఊరు.

ప్రశ్నలు

1. హాలాంగ్ దీవుల పుట్టుకను గూర్చి ఐతిహ్యం, శాస్త్రం ఏమి చెబుతున్నాయి?
2. కువావాన్ వాసుల తరలింపు వలన కలిగిన మేలును, నష్టాన్ని వివరించండి.