సైకిల్ క్లబ్‌లో సెలవుల సేవ

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తిచేసిన మా అబ్బాయి వేసవిలో సైకిల్ క్లబ్‌లో వాలంటీరుగా చేరతానంటున్నాడు. ఈ ఎండల్లో పంపొచ్చా? అక్కడ పనేముంటుంది? – ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఎండ భయం సబబే. అందుకే వేసవి రైడ్లు తెల్లవారుజామున మొదలై, ఎండ ముదిరేలోగా ముగియాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల ట్రాక్‌కు సోలార్ పలకల కప్పు ఉంది, కొత్తవారికి అది అనువు.

వాలంటీరంటే అందరికన్నా ముందు దూసుకుపోయేవాడని కుర్రాళ్ల ఊహ. నిజానికి ఎక్కువ అవసరమయ్యేది అందరికన్నా వెనక వచ్చేవాడే. ఆయాసపడేవారికి తోడుండాలి, ఊడిన చైను ఎక్కించాలి. పంక్చరైతే ట్యూబు బయటకు తీసి, గాలి కొట్టి, నీళ్లలో ముంచి, బుడగలొచ్చే చోటు పట్టుకోవాలి. ఆ చోట తడి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, కాస్త ఆరాకే ప్యాచ్ అతికించాలి. ఆ ‘కాస్త’ ఆగడమే పదహారేళ్ల వయసుకు కష్టం!

ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిన ప్రపంచ సైకిల్ దినోత్సవం జూన్ 3న వస్తుంది. ఆ రోజు ర్యాలీ జరిగితే మలుపుల దగ్గర దారి చూపేవారు, నీళ్లందించేవారు కావాలి.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడు కాబట్టి, చేర్చేముందు తల్లే నిర్వాహకులతో మాట్లాడటం మంచిది. హెల్మెట్ తప్పనిసరా, ప్రథమ చికిత్స పెట్టె ఎవరి దగ్గరుంటుంది అని మొహమాటపడకుండా అడగాలి.