ఒకటిన్నరలో సగం ఎంత?



భిన్నాల పాఠంలో పిల్లలు తడబడే ప్రశ్న ఇది. నోట్‌బుక్‌లో తేలని ఈ లెక్క వంటింట్లో తేలిగ్గా తేలిపోతుంది. ఈ ఆదివారం చాక్లెట్, పీనట్ బటర్ పోక్ కేక్ చేయండి. పోక్ కేక్ అంటే చిల్లులు పొడిచి, లోపలికి క్రీమ్ దించే కేక్. కొలతలు మాత్రం పిల్లలకే వదిలేయండి.

కావలసినవి (240 మి.లీ. కప్పుతో): మైదా 1½ కప్పులు, పంచదార 1 కప్పు, కోకో పొడి ¼ కప్పు, వంటసోడా 1 టీస్పూన్, ఉప్పు ½ టీస్పూన్, నీళ్లు 1 కప్పు, నూనె ⅓ కప్పు, వెనిగర్ 1 టేబుల్ స్పూన్.
క్రీమ్‌కు: పీనట్ బటర్, కండెన్స్‌డ్ మిల్క్ చెరో ½ కప్పు, గోరువెచ్చని పాలు ¼ కప్పు.

తయారీ: పొడులన్నీ జల్లించి, నీళ్లు, నూనె, వెనిగర్ పోసి ఉండలు లేకుండా కలపండి. నూనె రాసిన 8 అంగుళాల పాన్‌లో పోసి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30–35 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. ఓవెన్ పని పెద్దవాళ్లదే. పది నిమిషాలు ఆగి, చెక్క గరిటె కాడతో అంగుళానికొక చిల్లు పొడిచి, కలిపిన క్రీమ్ పోయండి.

పిల్లలను అడగండి:
1. సగం కేక్‌కు మైదా ఎంత? (¾ కప్పు. ¼ కప్పుతో మూడుసార్లు కొలిస్తే సరి.)
2. గుడ్డు లేకుండా ఎలా పొంగింది? (వంటసోడా, వెనిగర్ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది.)

ముఖ్య గమనిక: పల్లీలు కొందరు పిల్లలకు పడవు. కాస్త తిన్నా దద్దుర్లు రావచ్చు, ఊపిరాడకపోవచ్చు. అందుకే ఈ కేక్ లంచ్ బాక్సులో పంపకండి. ఇంటికొచ్చిన పిల్లలకు పెట్టేముందు వాళ్ల అమ్మానాన్నలను అడగండి. మీ పిల్లలకు పల్లీలు పడకపోతే, క్లాస్ టీచర్‌కు డైరీలో తప్పకుండా రాసి పంపండి.