కణత్వచంలోనికి మాంసకృత్తుల ప్రవేశం

బాక్టీరియా ఒకే ఒక కణంతో జీవనయాత్ర సాగించే ప్రాణి. దాని కణద్రవాన్ని ఆవరించి, కొవ్వు అణువుల రెండు వరుసలతో ఏర్పడిన పలుచని త్వచం ఉంటుంది. ఆహారం లోనికి రావడానికీ, శక్తి ఉత్పత్తికీ ఆ త్వచంలో పొదిగి ఉన్న మాంసకృత్తులే ఆధారం. మన ప్రేగులలో నివసించే ఎషిరీషియా కోలై తయారుచేసే మాంసకృత్తుల రకాలలో రమారమి నాలుగవ వంతు ఇట్టివే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మాంసకృత్తులు తయారయ్యేది నీటిమయమైన కణద్రవంలో, రైబోజోముల మీద. త్వచంలో ఇమడవలసినవాటికి మాత్రం నీరు గిట్టదు. వాటిలో సుమారు 20 ఎమైనో ఆమ్లాలు గల నూనె స్వభావపు ఖండాలుంటవి. నీటిలో విడిచిపెడితే, నీళ్ళలోని నూనెచుక్కల వలె ఒకదానితో ఒకటి కూడి ముద్దకట్టి నిరుపయోగమవుతవి. పూర్తిగా తయారైన పిమ్మట గమ్యం చేర్చుదామంటే అప్పటికే ఆలస్యం.

కనుక తయారవుతుండగానే పని ఆరంభమవుతుంది. మొదటి నూనె ఖండం రైబోజోము నుండి తల బయటపెట్టగానే 'సంకేత గుర్తింపు కణిక' దానిని పట్టుకొంటుంది. మానవ కణాలలో ఈ కణికకు ఆరు మాంసకృత్తులు, ఒక ఆర్.ఎన్.ఏ. అవసరం. కోలై ఒక్క మాంసకృత్తుతో, 114 న్యూక్లియోటైడుల చిన్న ఆర్.ఎన్.ఏ.తో సరిపెట్టుకొన్నది. పొదుపంటే ఇదీ! కణిక రైబోజోమును వెంటబెట్టుకొని త్వచం చెంతనున్న గ్రాహకాన్ని చేరి, దానిని 'సెక్ వై' అనే ద్వారానికి అప్పగిస్తుంది.

టామ్ రాపపోర్ట్ బృందం 2004లో ఒక ఆర్కియా జీవి నుండి తీసిన ఇట్టి ద్వారం నిర్మాణాన్ని వెల్లడించింది. దాని విశేషమేమంటే, అది రెండు వైపుల తెరుచుకోగలదు. నీటితో పొత్తు కుదిరే ఖండం సూటిగా ఆవలికి పోతుంది. నూనె ఖండం పక్కనున్న చీలిక గుండా కొవ్వులోనికి జారుకొంటుంది. ఏ కొస లోపల నిలవాలో ధనావేశం గల ఎమైనో ఆమ్లాలు చాలావరకు నిర్ణయిస్తవి. అవి ఉన్న కొస కణద్రవం వైపే నిలుస్తుంది. ఈ సూత్రాన్ని గున్నార్ వాన్ హైనె 1986లో ప్రతిపాదించినాడు.

అన్నింటికీ సెక్ వై మార్గమే అనుకొనరాదు. ఎం.13 అనే బాక్టీరియోఫాజ్ కవచపు చిన్న మాంసకృత్తుకు ఆ ద్వారంతో పనిలేదు. అందుచేత అది ఎవరి సహాయమూ లేక తనంత తానే త్వచంలో దూరుతుందని చాలాకాలం భావించినారు. 2000లో డాల్‌బీ, కూన్ ప్రభృతులు కోలైలో 'వైడ్ సి' అనే మాంసకృత్తును తగ్గించి చూడగా ఆ ప్రవేశం దెబ్బతిన్నది. సహాయకుడు మొదటినుండీ ఉన్నాడు, కంటబడలేదంతే. వైడ్ సి లోపిస్తే కోలై బ్రతుకలేదు. దాని సగోత్రీకులు మన మైటోకాండ్రియాలోనూ, ఆకుల హరితరేణువులలోనూ ఇదే పని నిర్వహిస్తున్నవి.