హ్యూగోతో బ్లాగు కట్టిన విధము

పెనుగొండలో మా ఇంటి అటక మీది పాత కళాశాల సంచికలకు చెద పట్టింది. మిగిలిన వ్యాసాలనైనా బ్లాగులో నిలుపుదామని పూనుకున్నాను.

పాఠకుడు అడిగినప్పుడల్లా పుటను వండి వడ్డించేది ఒక పద్ధతి. పుటలన్నీ ముందే సిద్ధం చేసి ఉంచేది స్టాటిక్ పద్ధతి. 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో ఇందుకు సాధనాలు. డేటాబేసు అక్కర్లేదు, గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా ఉంచవచ్చు. నేను హ్యూగోను ఎంచుకున్నాను.

దీనికి ఆయువుపట్టు 'హ్యూగో.టామల్' అనే ఫైలు. బ్లాగు పేరు, భాష, థీము, చిరునామా అందులో రాయాలి. చిరునామా చివర రిపాజిటరీ పేరు రాయడం నేను మరిచాను. ఇంట్లో చక్కగా కనిపించిన బ్లాగు, గిట్‌హబ్‌కు ఎక్కాక రంగూ రూపూ లేక వెలవెలబోయింది. ఆ ఒక్క మాట చేర్చగానే కుదుటపడింది.

ఒక వ్యాసమైతే అసలు కనబడనే లేదు. చూద్దును గదా, దాని తలకట్టులో 'డ్రాఫ్ట్ = ట్రూ' అని ఉంది! కొత్త పుటకు హ్యూగో తానే అలా రాస్తుంది. మనం 'ఫాల్స్' అని మార్చాలి.

అను ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. లేకుంటే పిచ్చిగీతలే మిగులుతాయి.

మిత్రులారా! మీ ఇళ్లలోనూ పాత సంచికలుంటే వెదకండి. చెదకంటె ముందు మనమే చేరుదాం.